కట్టెతో 25 అంతస్తులు

మా తాత వడ్రంగి. కట్టెతో కట్టిన ఎత్తైన భవనాల గురించి మా సారు చెప్పిన రోజు, ఇంటికెళ్ళి తాతకు చెప్పాను. "కట్టె కదమ్మా, నిప్పు అంటుకుంటే?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు కోసం వెతికితే ఒక చరిత్రే దొరికింది.

కట్టెతో ఎత్తుగా కట్టడం కొత్తేమీ కాదు. జపాన్‌లోని హోర్యూజీ ఆలయంలో అయిదంతస్తుల చెక్క గోపురం దాదాపు 1300 ఏళ్ళుగా నిలిచి ఉంది. దాని ఎత్తు సుమారు 32 మీటర్లు.

కానీ నగరాలు పెరిగాక తాత భయమే నిజమైంది. 1871 అక్టోబరులో అమెరికాలోని షికాగో తగలబడింది. అక్కడ చాలా ఇళ్ళు, కాలిబాటలు కూడా చెక్కవే. సుమారు 300 మంది చనిపోయారు. దాదాపు లక్ష మందికి ఇల్లు లేకుండా పోయింది. 1885లో అదే ఊళ్ళో లోహపు చట్రంతో పదంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనం లేచింది. ఆ తరువాత ఎత్తైన భవనమంటే ఉక్కు, కాంక్రీటు అనే అందరూ అనుకున్నారు.

మరి కట్టె మళ్ళీ ఎలా వచ్చింది? 1906లో జర్మనీకి చెందిన ఒట్టో హెట్జర్, చెక్క పలకలను ఒకదానిపై ఒకటి జిగురుతో అతికించి వంపు దూలాలు చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. అంటే పెద్ద మాను లేకపోయినా పెద్ద దూలం తయారవుతుంది. 1990లలో ఆస్ట్రియా వంటి దేశాల్లో పలకల వరుసలను ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా అతికించి గోడలు, నేలలు కూడా చేశారు.

ఇక నిప్పు సంగతి. సన్న పుల్ల చటుక్కున కాలిపోతుంది. లావు దూలం అలా కాలదు. పైన బొగ్గు పొర కట్టి, వేడిని లోపలికి త్వరగా పోనివ్వదు. ఎంత మందం కాలుతుందో ఇంజినీర్లు ముందే లెక్కగట్టి, దూలాన్ని ఆ మేరకు లావుగా చేస్తారు.

2019లో నార్వేలో 85.4 మీటర్ల మ్యోస్టార్నెట్ పూర్తయింది. కట్టె తేలిక కాబట్టి గాలికి ఎక్కువ ఊగకుండా, పై అంతస్తుల నేలలు కాంక్రీటుతో వేసి బరువు పెంచారు. 2022లో అమెరికాలోని మిల్వాకీలో 25 అంతస్తుల అసెంట్ దానిని దాటింది. దాని కింది అంతస్తులు మాత్రం కాంక్రీటువే. ఆ ఊరు, ఒకప్పుడు కాలిపోయిన షికాగోకు సుమారు 150 కిలోమీటర్ల దూరమే!

ఇదంతా తాతకు చదివి వినిపించాను. ఆయన నవ్వి, "పొయ్యిలో లావు మొద్దు తెల్లారేదాకా ఉంటుందని నాకు తెలుసమ్మా. దాన్ని లెక్క కట్టొచ్చని మాత్రం తెలీదు" అన్నారు.