మానిటైజేషన్

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల దగ్గరా, మలక్‌పేట చాయ్ హోటళ్లలోనూ కుర్రాళ్లు ఉద్యోగం సంగతి అడిగినట్టే అడుగుతారు: "అన్నా, మానిటైజేషన్ వచ్చిందా?" మాట పుట్టుక లాటిన్‌లో. రోమ్‌లో జూనో మొనేటా దేవత గుడి దగ్గరే టంకశాల ఉండేది. ఆ 'మొనేటా' నుంచే ఇంగ్లీషు 'మనీ' వచ్చింది. మానిటైజ్ చేయడమంటే లోహాన్ని నాణెంగా చలామణిలోకి తేవడం.

యూట్యూబ్ 2007లో ప్రకటనల ఆదాయాన్ని పంచడం మొదలెట్టాక ఆ నాణెం మన వీడియో అయింది. ప్రకటనల వాటాకు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్. పొడుగు వీడియోలో 55 శాతం మనది. ఖాతాలో పది డాలర్లు చేరితే ఆరంకెల పిన్ ఉన్న కవరు పోస్టులో ఇంటికొస్తుంది. ఇంట్లోవాళ్లకు అప్పుడే నమ్మకం కుదురుతుంది! బ్యాంకులో డబ్బు పడేది మాత్రం వంద డాలర్లకు చేరాకే.

అందుకే 'వచ్చింది' అన్న క్రియ నాకు నచ్చదు. వచ్చింది అర్హతే, జీతం కాదు. వీడియోలో సినిమా పాట వినిపిస్తే దాని ఆదాయం పాట హక్కుదారుకు పోవచ్చు. దాన్ని మావాళ్లు "క్లెయిమ్ పడింది" అంటారు.