పుస్తకంలో రాగం, నోట్లో వరస: డోర్నకల్ పాటల కథ

1920లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం డోర్నకల్ బిషప్‌కి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. డోర్నకల్ అప్పట్లో నిజాం రాజ్యంలో ఒక రైల్వే జంక్షన్, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. పట్టా అందుకున్న వేదనాయగం శామ్యూల్ అజరయ్య తెలుగువాడు కాదు. 1874లో తిరునల్వేలి ప్రాంతపు పల్లెలో పుట్టిన తమిళుడు. పెద్దయ్యాక తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి దక్కిన మొదటి భారతీయుడు ఆయనే.

కేంబ్రిడ్జ్ అనగానే సంగీతం ఇష్టమున్నవాళ్ళకి గుర్తొచ్చేది కింగ్స్ కాలేజీ చాపెల్ క్వయర్. 1441లో ఆరో హెన్రీ ఆ కాలేజీని స్థాపించినప్పుడే పాడటానికి 16 మంది పిల్లలుండాలని రాసిపెట్టాడు. 1918 క్రిస్మస్ ముందురోజు మొదలైన వాళ్ళ కేరల్స్ ఆరాధనని 1928 నుంచి బీబీసీ ప్రసారం చేయడం మొదలుపెట్టింది. ఇవాళ యూట్యూబ్‌లో ఎవరైనా వినొచ్చు. ఎత్తయిన రాతి కప్పు, ఎదురెదురుగా రెండు వరసల్లో నిలబడ్డ గాయకులు, ఒకే మాటని నాలుగు స్థాయిల్లో పట్టుకున్న గొంతులు. అంత అందంగా ఉండటానికి వెనక ఒక పెద్ద ఏర్పాటు ఉంది. చిన్నప్పటినుంచి నొటేషన్ చదవడం నేర్పే బడి కావాలి. రోజూ సాధన కావాలి. ఆర్గన్ కావాలి. వీటన్నిటికీ డబ్బిచ్చే కాలేజీ కావాలి. ఇంకో సంగతి: అక్కడ ఎక్కువ భాగం పాడేది క్వయర్. మిగతావాళ్ళు వింటారు.

డోర్నకల్‌లో వీటిలో ఏదీ లేదు. చుట్టుపక్కల పల్లెల్లో కొత్తగా క్రైస్తవులైనవాళ్ళు ఎక్కువగా మాలలు, మాదిగలు. నిజాం రాజ్యంలో నూటికి తొంభై మందికి పైగా చదువురాని కాలం. నొటేషన్ మాట అటుంచితే, అచ్చు పుస్తకం చూసి పాడగలిగేవాళ్ళే తక్కువ. మరి ఆదివారం గుడిలో ఏం పాడాలి? ఎవరి వరసలో పాడాలి? ఇది మతానికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, తెలుగు సాహిత్యంలో పాత ప్రశ్నే ఇది. వాళ్ళ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది ఇంగ్లీషు ట్యూన్. తెలుగు మాటలు రాసి ఆ ట్యూన్‌లో కూర్చేయడం. మిషనరీలు చాలాచోట్ల చేసింది ఇదే. అలాంటి పాటలు ఇప్పటికీ ఉన్నాయి. అయితే ఇక్కడ ఛందస్సు అడ్డొస్తుంది. ఇంగ్లీషు హిమ్ నడక ఊనిక మీద ఆధారపడుతుంది, తెలుగు నడక గురులఘువుల మీద. ఇంగ్లీషు హిమ్‌లకి బాగా అలవాటైన ఒక కొలతలో పాదానికి 8, 6, 8, 6 అక్షరాలుంటాయి. ఇంగ్లీషులో ఒక్క అక్షరంలో తేలిపోయే క్రియ తెలుగు గ్రాంథికంలో 'రక్షించుచున్నాడు' అవుతుంది. ఆరక్షరాలు. ఒక పాదం మొత్తం ఆ ఒక్క మాటకే సరిపోయింది. ఇక పాదం చివర సంగతి చూడండి. ఇంగ్లీషు ట్యూన్ సాధారణంగా చివరి స్వరం మీద బరువేసి సాగదీస్తుంది. మన మాటలేమో అచ్చుతో, అదీ చాలాసార్లు పొట్టి అచ్చుతో ముగుస్తాయి. దాంతో 'దేవుడు' కాస్తా 'దేవుడూ' అవుతాడు. పిలుపులా వినిపిస్తుంది, వాక్యంలా వినిపించదు. అర్థం చెడిపోదు గానీ, పాడుతున్నది తన భాషే అన్న నమ్మకం కొంచెం సడలుతుంది.

రెండో దారి కీర్తన. దీనికి డోర్నకల్ కంటే చాలా ముందే పునాది పడింది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరి (1803–1890) శ్రీకాకుళం, గంజాం వైపు తిరుగుతూ పల్లవి, చరణాలతో, రాగతాళాలతో తెలుగు కీర్తనలు రాశాడు. త్యాగరాజు 1847లో చనిపోయేనాటికి చౌదరికి నలభై ఏళ్ళు దాటాయి. అంటే మనం 'వాగ్గేయకారుల కాలం' అని పిలుచుకునే రోజుల్లోనే ఈయనా రాస్తున్నాడు. అజరయ్య వచ్చిన తమిళ ప్రాంతంలోనూ ఇలాంటి పరంపరే ఉంది. తంజావూరులో వేదనాయగం శాస్త్రి (1774–1864) తమిళ క్రైస్తవ కీర్తనలు రాశాడు. కాబట్టి గుడిలో కర్ణాటక రాగం వినిపించడం అజరయ్యకి చిన్నప్పటినుంచి తెలిసిన విషయమే అయ్యుండాలి.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఎప్పుడైనా తిరగేశారా? ప్రతి కీర్తన నెత్తిమీదా రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. స్వరాలుండవు. ఒకసారి విని నేర్చుకున్నవాడికి గుర్తుచేయడానికి ఆ రెండు మాటలు చాలు. నొటేషన్ పూర్తి కోడ్ అనుకుంటే ఇది కామెంట్ లైన్ లాంటిది. అసలు కోడ్ నోట్లో ఉంటుంది.

అందుకే కీర్తన డోర్నకల్ పల్లెల్లో పనిచేసింది. పల్లవి ప్రతి చరణం తర్వాతా తిరిగొస్తుంది. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్ళు పల్లవి అందుకుంటారు. చదువు రాకపోయినా మూడో ఆవృత్తికి పాట వచ్చేస్తుంది. 1930ల మధ్యకి ఆ డయాసిస్‌లో రెండు వేల మందికి పైగా గ్రామ ఉపాధ్యాయులుండేవాళ్ళు. వారం రోజులు అక్షరాలు నేర్పే మనిషే ప్రార్థన నడిపేవాడు, పాట ఎత్తుకునేవాడు. డోర్నకల్‌లో మగవాళ్ళకి వేదాంత శిక్షణ ఇస్తున్నప్పుడు వాళ్ళ భార్యలకి కూడా తరగతులుండేవి. కేంబ్రిడ్జ్‌లో చాపెల్ నాలుగు గోడల మధ్య జరిగే పని ఇక్కడ వందల ఊళ్ళకి చెదిరిపోయింది. గుడికొచ్చిన జనమే క్వయర్.

ఇక్కడ ఒక చిన్న సంగతి సాహిత్యం చదివేవాళ్ళకి ఆసక్తిగా ఉంటుంది. జె. ఎన్. ఫార్కర్‌తో కలిసి అజరయ్య 'హెరిటేజ్ ఆఫ్ ఇండియా' అనే పుస్తకాల వరసకి సంపాదకుడు. హెచ్. ఎ. పాప్లీ రాసిన 'ద మ్యూజిక్ ఆఫ్ ఇండియా' (1921) ఆ వరసలోదే. పి. చెంచయ్య, రాజా భుజంగరావు కలిసి ఇంగ్లీషులో రాసిన తెలుగు సాహిత్య చరిత్ర కూడా ఆ వరసలోనే వచ్చింది. డోర్నకల్ కథీడ్రల్ చూసినా ఇదే దృష్టి కనిపిస్తుంది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన ఆ గుడిలో మసీదుని తలపించే గుమ్మటాలున్నాయి, దేవాలయ మండపాన్ని తలపించే స్తంభాలున్నాయి. 1930ల్లో సామూహిక మతమార్పిడుల మీద గాంధీకీ అజరయ్యకీ మధ్య తీవ్రమైన అభిప్రాయభేదాలు నడిచాయి. క్రైస్తవులంటే పరాయివాళ్ళు అనే ఆరోపణ గాల్లో ఉన్న కాలం. ఆ గుమ్మటాలు, ఆ రాగాలు ఆ ఆరోపణకి ఇచ్చిన జవాబులుగా కూడా నాకు కనిపిస్తాయి.

భాష వైపు నుంచి చూస్తే ఇంకో కోణం. 1921లో హైదరాబాద్‌లో ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తని గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకి జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మందితో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. సరిగ్గా ఆ ఏళ్ళలోనే, అదే రాజ్యంలో, పద్యం ముఖం ఎరగని జనం వారం వారం తెలుగు కీర్తనలు కంఠతా పట్టి పాడుతున్నారు. ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చదవడం మనకింకా అలవాటు కాలేదు. క్రైస్తవ కవి అనగానే జాషువా గుర్తొస్తాడు, రావాల్సిందే. చౌదరి మాత్రం చర్చి గోడ దాటి మన సాహిత్య చర్చల్లోకి వచ్చింది తక్కువ.

సరే, ఇంతవరకు కథ చక్కగానే ఉంది. పరాయి ట్యూన్ పోయి మన రాగం వచ్చింది. కానీ 'మన' అంటే ఎవరు?

శంకరాభరణం, ఆదితాళం తెలుగువాళ్ళవే, కాదనను. కానీ డోర్నకల్ చుట్టూ ఉన్న మాదిగవాడలో అవి ఎవరివి? ఆ వాడలో డప్పు ఉంది. చిందు యక్షగానం ఉంది. నాట్లప్పుడు పాడుకునే పాటలున్నాయి. ఇంగ్లీషు హిమ్ స్థానంలో కీర్తనని పెట్టడమంటే ఒక పెద్దింటి సంగీతం బదులు ఇంకో పెద్దింటి సంగీతం తేవడమే కదా అని ఎవరైనా అడిగితే కొట్టిపారేయలేం. మూడో దారి, అంటే వాళ్ళ వాయిద్యంతో వాళ్ళ వరసలో పాడటం, ఎందుకు వెనకపడింది?

మిషనరీల చిన్నచూపు ఒక కారణం. కానీ అదొక్కటే అనుకుంటే కథ సగమే చెప్పినట్టు. అప్పటి ఊళ్ళో డప్పు కేవలం వాయిద్యం కాదు, వెట్టి కూడా. జాతరకి కొట్టాలి, చావుకి కొట్టాలి, ఊరి పెద్ద పిలిస్తే కొట్టాలి. కూలి అడిగే హక్కు లేదు, రానని చెప్పే హక్కు అసలే లేదు. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలంలో, 1878 జులై 3న ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ఉద్యమంలో, గొడవలకి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. క్రైస్తవులైన మాదిగలు జాతరలో డప్పు కొట్టం అన్నారు, ఊరి పెద్దలు కక్షగట్టారు. డప్పు కింద పెట్టడం వాళ్ళ మొదటి సమ్మె. అలా దించిన డప్పుని గుడిలోకి ఎందుకు తీసుకురాలేదని ఇవాళ హైదరాబాద్‌లో కూర్చుని అడగడం తేలిక.

మరి రాగం పేరున్న కీర్తన పాడటం? నిన్నటిదాకా ఆ సంగీతం వినడానికి కూడా గుమ్మం బయట నిలబడాల్సిన మనిషి ఇప్పుడు దాన్ని గొంతెత్తి పాడుతున్నాడు. పైవాళ్ళ సంగీతానికి లొంగడమా ఇది, పైవాళ్ళ సొత్తుని లాక్కోవడమా? రెండూ అనిపిస్తుంది నాకు.

ఈ మార్గ, దేశి పేచీ ఈ నేలకి కొత్తేం కాదు. ఇప్పటి జనగామ జిల్లాలోని పాలకుర్తి, పాల్కురికి సోమన ఊరు. వీరశైవాన్ని జనంలోకి తీసుకెళ్ళాలనుకున్నప్పుడు సోమన సంస్కృత వృత్తాల్ని పక్కనపెట్టి ద్విపదని ఎంచుకున్నాడు. జనం కూడి పాడుకునే తుమ్మెద పదాలు, వెన్నెల పదాల్లాంటి పాటల పేర్లని పండితారాధ్య చరిత్రలో జాబితా రాశాడు. ఆ జిల్లాలోనే మాణిక్యాపురం నుంచి వచ్చిన చుక్క సత్తయ్య ఒగ్గుకథతో సంగీత నాటక అకాడమీ పురస్కారం దాకా వెళ్ళాడు. సోమన కొలతతో చూస్తే డోర్నకల్ సగం దూరమే నడిచింది: మాట జనంలోకి వచ్చింది, వాయిద్యం రాలేదు.

మిగతా సగం జనమే నడిచారు, ఎవరికీ చెప్పకుండా. కీర్తన ఊళ్ళోకి వెళ్ళాక అచ్చులో ఉన్న రాగం అలాగే ఉండిపోయింది, నోట్లో వరస మారిపోయింది. హార్మోనియం దీనికి తోడైంది. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పుట్టి, కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేతిలో నేల మీద కూర్చుని వాయించే పెట్టెగా మారిన వాయిద్యం అది. గమకం పలకదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని గుమ్మం బయటే ఉంచింది. గుడికి మాత్రం అదే దిక్కు. గమకాలు రాలిపోయాయి, ఎక్కువమంది ఒక్కసారే పాడగలిగే తిన్నని వరస మిగిలింది. తాళానికి చప్పట్లు వచ్చాయి. సంగీత పండితుడికి ఇది రాగం చెడిపోవడం. ఆ గుడిలో కూర్చున్న ముసలామెకి ఇది పాట తనదవడం. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలయ్యాక డప్పు వెట్టి గుర్తు పోయి గర్వానికి గుర్తయింది. అప్పుడు దాన్ని మళ్ళీ ఎత్తుకున్న చేతుల్లో ఈ కీర్తనలు పాడిన ఇళ్ళ చేతులూ ఉన్నాయి.

ఇప్పుడు డోర్నకల్‌లోనే కాదు, ఎక్కడికెళ్ళినా వేదిక మీద కీబోర్డు, ప్యాడ్స్, నలుగురైదుగురి చేతుల్లో మైకులు. పాట యూట్యూబ్ నుంచి ట్రాక్‌తో సహా దిగుతోంది. దాన్ని తప్పు పట్టడం లేదు. ఏ తరం వాయిద్యం ఆ తరానిది. ఒక్క మార్పు మాత్రం గమనించాలి. నలుగురు పాడటం, మిగతావాళ్ళు వినడం అనే ఏర్పాటు, అప్పుడు డోర్నకల్‌కి కుదరని ఏర్పాటు, ఇప్పుడు స్పీకర్ల మీదుగా వచ్చేసింది. కేంబ్రిడ్జ్ క్వయర్‌కి ఐదొందల ఏళ్ళ కాగితాలున్నాయి, వందేళ్ళకి దగ్గరవుతున్న ప్రసారాలున్నాయి. ఒక్కో ఊళ్ళో ఒక్కో వరసగా మారిన కీర్తనకి ఉన్న బ్యాకప్ కొందరు ముసలివాళ్ళ జ్ఞాపకం మాత్రమే.

ఫోన్ రికార్డర్‌కి డబ్బు అక్కర్లేదు. మహబూబాబాద్‌లోనో జనగామలోనో భూపాలపల్లిలోనో మీకు బంధువులుంటే, ఈసారి వెళ్ళినప్పుడు ఇంట్లో అందరికంటే పెద్దావిడని పాత కీర్తన ఒకటి పాడమనండి. పుస్తకంలో ఉన్న రాగం పేరు ఆమెకి చెప్పకండి. ఆమె నోట వచ్చే వరసనే రికార్డు చేయండి, ఊరి పేరు, తేదీ కూడా రాసిపెట్టండి.