పక్షవాతం తర్వాత చేతికి పట్టుబడే చెడ్డ అలవాటు

చెడ్డ అలవాటు అనగానే మనకు పొగ త్రాగడం, గోళ్ళు కొరకడం, వేళ కాని వేళ తినడం గుర్తుకు వస్తాయి. చేయకూడని పనిని చేయడమే చెడ్డ అలవాటని మన భావన. చేయగలిగిన పనిని చేయకపోవడం కూడా మెదడు నేర్చుకునే అలవాటేనని, ఏళ్ళ తరబడి పాతుకుపోయిన తర్వాత కూడా దానిని మార్చవచ్చునని తెలుసుకోవడానికి వైద్యశాస్త్రానికి దాదాపు వంద సంవత్సరాలు పట్టింది. మీ ఇంట పక్షవాతానికి గురైనవారెవరైనా ఉంటే ఈ చరిత్రను కొంచెం ఓపికగా చదవండి.

1895లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ మాట్, చార్లెస్ షెరింగ్టన్ అనే శాస్త్రజ్ఞులు కోతులలో ఒక చేతి నుంచి వెన్నుపాముకు స్పర్శను చేరవేసే నాడీమూలాలను కత్తిరించారు. కండరాలను కదిలించే నాడుల జోలికి వారు పోలేదు. అయినా కోతులు ఆ చేతిని వాడడం మానివేశాయి. స్పర్శజ్ఞానం లేనిదే సంకల్పిత చలనం లేదని వారు నిర్ణయించారు. 1932లో నోబెల్ బహుమతి అందుకున్న షెరింగ్టన్ మాటకు నాడీశాస్త్రంలో ఉన్న బరువు సామాన్యమైనది కాదు. మెదడు మలచడానికి వీలైన పదార్థమని, అలవాట్లకు మూలం అదేనని అమెరికాలో విలియం జేమ్స్ 1890లోనే వ్రాశాడు. అయితే పెద్దవారి మెదడులో నాడీమార్గాలు స్థిరపడిపోయినవని 1913లో స్పెయిన్ శాస్త్రజ్ఞుడు కహాల్ వ్రాసిన మాటే చాలాకాలం చెలామణి అయింది. నేను వైద్యవిద్య చదివిన రోజులలో కూడా మాకు బోధించినది అదే.

షెరింగ్టన్ నిర్ణయాన్ని ప్రశ్నించినవాడు ఎడ్వర్డ్ టౌబ్. ఆయన వైద్యుడు కాదు, మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు. బహుశా అందుకే ఆ ప్రశ్న ఆయనకు తట్టింది. 1950ల చివరి నుంచి ఆయన, ఆయన సహచరులు అవే ప్రయోగాలను మరొక విధంగా చేశారు. స్పర్శ కోల్పోయిన చేతిని వదిలి, కోతి మంచి చేతిని కదలకుండా కట్టివేశారు. గత్యంతరం లేక కోతి చచ్చుబడిందనుకున్న చేతినే చాచి ఆహారం అందుకుంది! రెండు చేతులకూ స్పర్శ తొలగిస్తే రెండింటినీ వాడింది. అంటే చేతికి శక్తి ఉంది. మరి అంతకాలం ఎందుకు వాడలేదు?

టౌబ్ ఇచ్చిన సమాధానం చాలా సులువైనది. శస్త్రచికిత్స జరిగిన తొలి రోజులలో వెన్నుపాము దెబ్బతిన్న స్థితిలో ఉంటుంది. అప్పుడు ఆ చేతితో ప్రయత్నిస్తే వస్తువు జారిపోతుంది, కోతి తూలిపోతుంది. రెండవ చేతితో అయితే వెంటనే పండు దొరుకుతుంది. ప్రతి వైఫల్యమూ శిక్ష, ప్రతి సాఫల్యమూ బహుమానం. కొన్ని నెలల తర్వాత చేతికి శక్తి తిరిగివచ్చినా, 'ఈ చేయి పనికిరాదు' అనే పాఠం అప్పటికే స్థిరపడిపోయి ఉంటుంది. కోతి మళ్ళీ ప్రయత్నించదు కనుక శక్తి వచ్చిన సంగతి దానికి తెలియనే తెలియదు.

ఇంకొక విశేషం. కట్టును ఒకటి రెండు రోజులలో విప్పితే కోతి పాత పద్ధతికే తిరిగిపోయేది. మరికొన్ని రోజులు ఉంచితే కొత్త అలవాటు నిలిచిపోయేది.

ఈ చరిత్రలో ఒక చీకటి అధ్యాయం కూడా ఉంది. 1981లో మేరీలాండ్ రాష్ట్రం, సిల్వర్ స్ప్రింగ్‌లోని టౌబ్ ప్రయోగశాలలో స్వచ్ఛందంగా చేరిన అలెక్స్ పచేకో అనే జంతుహక్కుల కార్యకర్త, అక్కడి కోతుల దుస్థితిని ఫొటోలు తీసి పోలీసులకు అందజేశాడు. 17 కోతులను పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. క్రింది కోర్టులలో టౌబ్‌ను దోషిగా తేల్చిన తీర్పును 1983లో ఆ రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం కొట్టివేసింది. నా మట్టుకు నేను ఆ ప్రయోగశాలను సమర్థించలేను. అక్కడ లభించిన జ్ఞానాన్ని త్రోసిపుచ్చనూ లేను. 1991లో ఆ కోతులలో కొన్నింటి మెదడును పరీక్షించినప్పుడు, చేతి స్పర్శకు కేటాయించిన భాగం ఖాళీగా పడి ఉండలేదు. ప్రక్కనే ఉన్న ముఖపు భాగం దానిని ఆక్రమించుకున్నది, అదీ 10 నుంచి 14 మిల్లీమీటర్ల మేర! అంతకుముందు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి మార్పు జరగదని భావించేవారు.

పరువు, ప్రయోగశాల పోయిన టౌబ్ తర్వాత అలబామా విశ్వవిద్యాలయంలో చేరి, కోతులకు బదులు పక్షవాత రోగుల వైపు దృష్టి సారించాడు. 1993లో ఆయన బృందం ప్రచురించిన తొలి అధ్యయనంలో ఉన్నది 9 మంది రోగులు మాత్రమే. చికిత్స పొందినవారు మేలుకొని ఉన్న సమయంలో 90 శాతం మంచి చేతిని కట్టి ఉంచి, రెండు వారాలు బలహీనమైన చేతితోనే పనులు చేశారు. వ్యాధి వచ్చి ఏళ్ళు గడిచినవారిలో కూడా మెరుగుదల కనిపించింది. 2000లో లీపెర్ట్, టౌబ్ తదితరులు 13 మంది రోగులలో చికిత్సకు ముందు, తర్వాత మెదడును అయస్కాంత ప్రేరణతో పరీక్షించారు. బలహీనమైన చేతిని నడిపించే మెదడు భాగం దాదాపు రెట్టింపు అయింది. 2006లో స్టీవెన్ వోల్ఫ్ నాయకత్వాన అమెరికాలో పలు కేంద్రాలలో 222 మందిపై జరిగిన పరిశోధన ఈ ఫలితాలను బలపరచింది.

కట్టు కట్టడమే చికిత్స అని పొరబడకండి. రోగి ఏ పనిని ఆ చేతితో చేస్తాడో ముందుగా ఒప్పందం వ్రాసి సంతకం చేస్తాడు. ప్రతిరోజూ ఏ పనికి ఆ చేతిని ఎంత వాడాడో లెక్క చెబుతాడు. పనిని చిన్న చిన్న మెట్లుగా విభజించి, ఒక్కొక్క మెట్టుకూ మెప్పు ఇస్తూ నేర్పుతారు. వ్యాయామశాలలో సాధించినది వంటింటిలోకి, స్నానాల గదిలోకి తనంతట తాను రాదని టౌబ్‌కు కోతులే నేర్పాయి. సిగరెట్టు మానదలచినవారికీ ఈ పద్ధతిలో నేర్చుకోవలసినది ఎక్కువగా ఉన్నది ఇక్కడే. ఒక హెచ్చరిక: మణికట్టును, వేళ్ళను కొంతైనా ఎత్తగలిగినవారికే ఇది ఉపయోగపడుతుంది. తూలి పడే ప్రమాదం ఉంది కనుక ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణ లేకుండా ఇంట్లో చేతిని కట్టివేయకండి.

ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన కాలంలో కుడిప్రక్క చచ్చుబడిన రోగులను ఎందరినో చూశాను. రక్తపోటు పరీక్షించి, మాత్రలు వ్రాసి పంపించేవాడిని. 'అన్నం ఏ చేత్తో తింటున్నారు?' అని అడగాలని ఉద్యోగ విరమణకు కొద్ది సంవత్సరాల ముందు వరకు నాకు తోచలేదు. అడగడం మొదలుపెట్టాక చాలామంది చెప్పిన జవాబు ఒక్కటే. ఎడమచేత్తో తినడం సిగ్గు కనుక ఇంట్లోవారే కలిపి తినిపిస్తున్నారు. వేళ్ళు కాస్త కదులుతున్న ఒక పెద్దాయనకు చెంచా ఇచ్చి, కుడిచేత్తోనే తిననివ్వమని ఆయన భార్యతో చెప్పాను. ఆమె నొచ్చుకున్నది.

"సగం మీద ఒలకబోసుకుంటారండీ డాక్టరుగారూ. నేనుండి ఆయన్ని అలా వదిలేస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

సగం ఒలికినా ఫరవాలేదమ్మా, ఒక తువ్వాలు పరచండి అన్నాను. తర్వాతి నెల ఆమె వచ్చినప్పుడు తువ్వాళ్ళు ఉతకలేక చస్తున్నానని నవ్వుతూ ఫిర్యాదు చేసింది.