ఎలక్ట్రిక్ బండి వెనక చక్రం మోత పెడుతోందా? హబ్ మోటార్ శబ్దాలు: కారణాలు, పరీక్షలు

ఏలూరు, తాడేపల్లిగూడెం వీధుల్లో ఇప్పుడు ఎలక్ట్రిక్ బండి మామూలు విషయమైపోయింది. పిల్లల్ని స్కూల్లో దింపడానికి, బజారుకి, ట్యూషన్లకి చాలా ఇళ్ళలో అదే ఆధారం. వేగం 25 కి.మీ. దాటని, మోటార్ శక్తి 250 వాట్లకు లోపు ఉండే బండ్లకు లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు కూడా వీటిని నడుపుతున్నారు.

పెట్రోలు బండి మోతలో చిన్న చిన్న లోపాలు కలిసిపోతాయి. ఎలక్ట్రిక్ బండికి ఆ మోత లేదు. అందుకే వెనక చక్రంలో 'గరగర'మన్నా, 'టక్'మన్నా వెంటనే వినపడుతుంది, గుండె గుభేలుమంటుంది. కొన్ని చోట్ల "మోటార్ పోయింది, కొత్తది వెయ్యాలి" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. తీరా చూస్తే అది వందల్లో అయ్యే బేరింగో, వదులైన నట్టో అయి ఉంటుంది. మోటార్ మార్చాలంటే వేలల్లో ఖర్చు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. వదులైన నట్టుని "ఏదో శబ్దంలే" అని వదిలేస్తే నడిరోడ్డు మీద చక్రం పట్టేసే ప్రమాదం ఉంటుంది. కాబట్టి శబ్దాన్ని గుర్తుపట్టడం డబ్బుకీ ప్రాణానికీ సంబంధించిన పనే.

హబ్ మోటార్ అంటే ఏమిటి?

చక్రం మధ్యలోనే మోటార్ ఉంటే దాన్ని హబ్ మోటార్ అంటారు. ఈ ఆలోచన కొత్తదేం కాదు. వెనక చక్రంలో మోటార్ ఉన్న సైకిల్‌కి 1895లోనే అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నారు. ఇప్పుడు టీవీఎస్ ఐక్యూబ్ లాంటి స్కూటర్లలో, తక్కువ వేగం బండ్లలో ఎక్కువగా ఇదే వస్తోంది. ఏథర్ లాంటి బండ్లలో మోటార్ విడిగా ఉండి బెల్టుతో చక్రాన్ని తిప్పుతుంది. వాటి శబ్దాల లెక్క వేరు.

హబ్ మోటార్‌లో మధ్య ఇరుసు తిరగదు. దాని చుట్టూ రాగి తీగ చుట్టిన భాగం కూడా కదలదు. బయటి డబ్బా, దాని లోపలి గోడకు అంటించిన అయస్కాంతాలు మాత్రమే చక్రంతోపాటు తిరుగుతాయి. ఈ రెండింటి మధ్య ఖాళీ ఒక మిల్లీమీటరు ప్రాంతంలోనే ఉంటుంది. రెండు వైపులా రెండు బేరింగులు ఆ ఖాళీని నిలబెడతాయి. ఇరుసుకున్న రంధ్రం గుండా మూడు లావు తీగలు, ఐదు సన్న తీగలు బయటికి వస్తాయి. లావు తీగలు కరెంటు మోస్తాయి, వాటిని ఫేజ్ వైర్లంటారు. సన్న తీగలు హాల్ సెన్సార్లవి. అయస్కాంతం ఎక్కడుందో కంట్రోలర్‌కి చెప్పడం వాటి పని.

ఏది మామూలు, ఏది కాదు?

బండి కదిలేటప్పుడు సన్నగా 'జుయ్'మనడం మామూలే. కంట్రోలర్ కరెంటుని మెట్లు మెట్లుగా పంపే రకమైతే ఆ శబ్దం కాస్త ఎక్కువ, అలలా నునుపుగా పంపే రకమైతే తక్కువ. కొన్న రోజు నుంచి ఒకేలా ఉన్న శబ్దానికి కంగారు పడక్కర్లేదు. కొత్తగా మొదలైనది, రోజురోజుకీ పెరుగుతున్నది, ఒక్కసారిగా మారినది, ఈ మూడింటినే పట్టించుకోవాలి.

తెల్లవారుజామున ఫజర్ తర్వాత వీధిలో సందడి లేని వేళ వినడానికి మంచి సమయం. విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి: యాక్సిలరేటర్ వదిలేసినా శబ్దం వస్తోందా? వస్తుంటే లోపం బేరింగు, బ్రేకు, టైరు లాంటి తిరిగే భాగాల్లో ఉంటుంది. వదలగానే ఆగిపోతే కరెంటు వైపు చూడాలి.

రెండు: వేగంతోపాటు పెరుగుతోందా? పెరిగితే చక్రంతో తిరిగేదే కారణం.

మూడు: చక్రం ఒక చుట్టుకి ఒక్కసారే వస్తోందా? చిన్న పది అంగుళాల రిమ్ము ఉన్న చక్రం ఒక చుట్టుకి సుమారు 1.3 మీటర్లు పోతుంది. అంటే గంటకు 10 కి.మీ. వేగంలో సెకనుకు రెండుసార్లు, 25 కి.మీ. వేగంలో ఐదుసార్లు తిరుగుతుంది. 'తట్ తట్'మనే దెబ్బలు ఈ లెక్కకి సరిపోతే చక్రంలో ఒకే చోట ఏదో తగులుతోందని అర్థం.

శబ్దాన్ని బట్టి కారణం

'గరగర', 'గుర్రు': వేగంతో పెరుగుతూ, యాక్సిలరేటర్ వదిలినా ఆగకపోతే మొదటి అనుమానం బేరింగు మీదే. నీళ్ళు చేరి గ్రీజు పోతే లోపలి గుండ్లు అరిగి ఇలా మోగుతాయి. అయితే బ్రేకు షూ రాసుకున్నా ఇలాగే వినపడుతుంది. వెనక బ్రేకు కాస్త నొక్కినప్పుడు శబ్దం మారితే ముందు బ్రేకే చూడాలి. టైరులో గాలి తక్కువైనా, టైరు ఒక పక్కే అరిగినా 'హూ'మని మోత వస్తుంది. మోటార్ మీద నింద వేసేముందు గాలి కొట్టించి చూడాలి.

'కిర్రు కిర్రు', చుట్టుకి ఒకసారి: బ్రేకు డిస్కు వంగి ఉండొచ్చు, టైరు గాడిలో రాయో మేకో ఇరుక్కుని ఉండొచ్చు. అవేవీ కాకపోతే లోపల అయస్కాంతం పక్కకు జరిగి రాగి చుట్టిన భాగాన్ని రాస్తూ ఉండొచ్చు. గోతిలో గట్టిగా పడిన తర్వాత మొదలైతే ఈ అనుమానం బలపడుతుంది.

'టక్', యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ఒకటి, వదిలినప్పుడు ఒకటి: దీన్ని అస్సలు వదలకూడదు. ఇరుసు నట్టు వదులైనా, ఇరుసు తిరక్కుండా పట్టి ఉంచే వాషర్ అరిగినా ఇలా అవుతుంది. మోటార్ చక్రాన్ని ముందుకు తిప్పేటప్పుడు ఇరుసు అదే బలంతో వెనక్కి తిరగాలని చూస్తుంది. పట్టు పూర్తిగా తప్పితే ఇరుసు గిర్రున తిరిగి తీగలన్నీ మెలిపడి తెగుతాయి, ఒకదానికొకటి తగిలి చక్రం బిగుసుకుంటుంది.

'గర్ర్'మని వణుకుతూ లాగలేకపోవడం: బయల్దేరేటప్పుడు చక్రం ముందుకూ వెనక్కూ కొట్టుకుంటూ, కాలితో నెడితేగానీ కదలకపోతే హాల్ సెన్సార్‌దో దాని కనెక్టర్‌దో లోపం అయి ఉండొచ్చు. ఒక ఫేజ్ వైరు వదులైనా ఇలాగే చేస్తుంది. అప్పుడు ఆ కనెక్టర్ వేడెక్కి నల్లబడి కనపడుతుంది.

'కరకర', చిన్న హబ్ ఉన్న ఎలక్ట్రిక్ సైకిళ్ళలో: వీటిలో కొన్నిటి లోపల నైలాన్ పళ్ళ చక్రాలుంటాయి. అవి అరిగితే కరకరలాడతాయి. మోటార్ తిరుగుతూ చక్రం తిరక్కపోతే లోపలి ఫ్రీవీల్ క్లచ్ జారుతున్నట్టు.

'గుళగుళ': చేత్తో చక్రం తిప్పినప్పుడు ఇలా వినపడితే లోపల నీళ్ళున్నాయి. ఆ బండిని ఇక స్టార్ట్ చేయకూడదు.

ఇంట్లో చేసుకోగల పరీక్షలు

ముందు బండికి సెంటర్ స్టాండ్ వేయాలి. తాళం తీసేసి బ్యాటరీ స్విచ్చి కూడా ఆపాలి. చున్నీ, బుర్ఖా అంచు, కుర్తా చేతులు చక్రానికి దూరంగా సర్దుకోవాలి. పిల్లల్ని దగ్గరకు రానివ్వకూడదు.

మొదట చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పాలి. పొడవు స్క్రూడ్రైవర్ మొనను ఇరుసు చివర ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే బేరింగు గరగర స్పష్టంగా తెలుస్తుంది. రెండు వైపులా విని పోల్చుకోవాలి. తర్వాత టైరుని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపాలి. ఇరుసు దగ్గర ఆట కనపడితే బేరింగు అరిగింది, లేదా నట్టు వదులైంది. ఆ తర్వాత స్టాండ్, నంబర్ ప్లేటు, మడ్‌గార్డు, షాక్ అబ్జార్బర్ బుష్షులు ఒక్కొక్కటే పట్టుకుని కదపాలి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

మిగతా రెండు పరీక్షలు పని తెలిసిన మెకానిక్ చేయాల్సినవి, కానీ బండి యజమానికి తెలిసి ఉంటే మంచిది. బండి ఆపి ఉన్నా చక్రం చేత్తో తిప్పితే గట్టిగా ఆగి ఆగి తిరుగుతోందనుకుందాం. అప్పుడు మూడు ఫేజ్ వైర్లను కంట్రోలర్ నుంచి విడదీసి, ఒకదానికొకటి తగలకుండా ఉంచి మళ్ళీ తిప్పాలి. ఇప్పుడు తేలిగ్గా తిరిగితే లోపం కంట్రోలర్‌లో ఉంది, మోటార్ బాగానే ఉంది. అప్పటికీ గట్టిగానే ఉంటే మోటార్ లోపలి తీగలు షార్టయినట్టు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా మోటార్ మార్చమంటే ఒప్పుకోనక్కర్లేదు.

రెండోది హాల్ సెన్సార్ల పరీక్ష. సన్న తీగల్లో ఎరుపు, నలుపు మధ్య మీటరు సాధారణంగా 5 వోల్టుల దగ్గర చూపాలి. మిగతా మూడు తీగల్లో చక్రాన్ని మెల్లగా తిప్పుతుంటే వోల్టేజి కిందికీ పైకీ మారుతూ ఉండాలి. ఏదైనా ఒకటి మారకుండా ఉండిపోతే ఆ సెన్సార్ పోయింది. ముందుగా కనెక్టర్‌లో తుప్పు, పచ్చటి చిలుము ఉన్నాయేమో చూసుకోవాలి.

కొల్లేటి నీళ్ళు, చెరువు గట్ల రోడ్లు

ఈ ప్రాంతంలో హబ్ మోటార్‌కి అసలు శత్రువు నీరే. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు కొల్లేటిలోకే వస్తాయి, అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరు కూడా కొల్లేటి వైపే వచ్చింది. వాన గట్టిగా పడితే ఏలూరు, కైకలూరు, ఆకివీడు వైపు పల్లపు రోడ్ల మీద నీళ్ళు నిలవడం ఇక్కడివాళ్ళకు తెలిసిందే.

దూరం నడిచిన మోటార్ వేడిగా ఉంటుంది. అది ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, తీగలు వచ్చే రంధ్రం దగ్గర నుంచి, మూత అంచుల నుంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. రొయ్యల చెరువుల దగ్గర ఉప్పు కలిసిన నీరైతే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. అయస్కాంతాల పూత లేచి తుప్పు ఉబ్బితే ఆ మిల్లీమీటరు ఖాళీ కాస్తా మూసుకుపోయి రాపిడి మొదలవుతుంది.

'ఐపీ 67' అని రాసి ఉంది కదా అంటారు. ఆ గుర్తుకి అర్థం మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుందని మాత్రమే. అది కొత్త మోటార్‌కి చేసిన పరీక్ష. ఏళ్ళు గడిచి సీలు గట్టిపడిన మోటార్‌కి అదే భరోసా ఉండదు. అందుకే ఇరుసు మునిగే నీళ్ళలోకి బండిని దింపకూడదు. వాటర్ సర్వీసింగ్‌లో ఇరుసు దగ్గర గన్ పెట్టనివ్వకూడదు. వరదలో మునిగిన బండిని ఆన్ చేయకుండా, చార్జింగ్ పెట్టకుండా నేరుగా మెకానిక్‌కి చూపించాలి.

బరువు సంగతీ ఉంది. తాడేపల్లిగూడెం మార్కెట్ నుంచి చిన్న బండి మీద రెండు ఉల్లిపాయ బస్తాలు వేసుకొస్తే మోటార్ విపరీతంగా వేడెక్కుతుంది. ఇందులో వాడే మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు సుమారు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలవుతుంది. అలా పోయిన బలం చల్లారాక కూడా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

మోటార్ విప్పాల్సి వస్తే

వారంటీ ఉంటే బయట విప్పించకూడదు, విప్పితే వారంటీ పోవచ్చు. వారంటీ లేకపోతే అనుభవం ఉన్న చోటే ఇవ్వాలి. అయస్కాంతాల లాగుడు చాలా బలంగా ఉంటుంది, పుల్లర్ లేకుండా లాగితే వేళ్ళు నలుగుతాయి. పాత బేరింగు మీద చెక్కిన నంబరు (6202, 6203, 6004 లాంటిది) చూసి అదే సైజు, రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నది, మంచి కంపెనీది వేయించాలి. ఒకటి పోయినా రెండూ మార్చడం మేలు. శబ్దం తగ్గుతుందని మోటార్ లోపలికి నూనె, స్ప్రే కొట్టనివ్వకూడదు. అది బేరింగు గ్రీజుని కడిగేస్తుంది, బ్రేకు డ్రమ్ములోకి పోతే బ్రేకు పట్టదు.

వెంటనే బండి ఆపాల్సినవి నాలుగు: యాక్సిలరేటర్‌తోపాటు వచ్చే 'టక్', చక్రం ఆగి ఆగి పట్టేయడం, కాలిన వాసన, లోపల ముక్కలు దొర్లుతున్నట్టు గలగల. వీటిలో ఏది వచ్చినా పిల్లల్ని ఎక్కించుకుని "ఇంటిదాకా పోదాంలే" అనుకోకూడదు. బ్యాటరీ స్విచ్చి ఆపి, ఆటోలో ఎక్కించి తీసుకెళ్ళాలి.

మెకానిక్ దగ్గరకు వెళ్ళినప్పుడు ఆ శబ్దం రాకపోవడం చాలామందికి అనుభవమే. అందుకే వచ్చినప్పుడే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోవాలి. ఎంత వేగంలో వచ్చింది, యాక్సిలరేటర్ తిప్పి ఉందా వదిలి ఉందా, అంతకుముందు వానలో తడిసిందా అనేవి కాగితం మీద రాసుకుంటే సగం పని అక్కడే తేలిపోతుంది. నెలకొకసారి ఇరుసు నట్లు, టైరు గాలి, కనెక్టర్లు చూసుకుంటే ఆ మిగతా సగం అవసరం కూడా చాలావరకు రాదు.