ప్రతిలేఖనం (చిత్రకళ)

పూర్వ చిత్రకారుని కృతిని ఎదుట ఉంచుకొని, దాని రేఖను, వర్ణక్రమాన్ని, పాత్రల అమరికను అనుసరించి తిరిగి చిత్రించడం ద్వారా కళను అభ్యసించే పద్ధతికి ప్రతిలేఖనమని పేరు. ఒంటరి ముఖచిత్రం పోలికను పట్టడం నేర్పితే, అనేక పాత్రలున్న చిత్రం వాటి చూపులను, వెలుగునీడలను, దేహాల మధ్య ఖాళీలను ఒక్కటిగా కూర్చడం నేర్పుతుంది. ఈ రెండవ విద్య నకలు చేయడం వల్లనే ఎక్కువగా పట్టుబడుతుంది.

తైలవర్ణంలో అభ్యాసకుడు మూలచిత్రాన్ని గడులుగా విభజించి కాన్వాసుపైకి దింపి, ముందు ఒకే మట్టిరంగుతో వెలుగునీడలను స్థిరపరచి, ఆపైన రంగులు వేస్తాడు. కింది పొరల్లో నూనె తక్కువగా, పై పొరల్లో ఎక్కువగా ఉండాలి. ఈ వరుస తప్పితే ఎండేటప్పుడు రంగు పగుళ్లిస్తుంది.

భారతదేశంలో ఈ సాధనకు ప్రధాన క్షేత్రం నాటి నిజాం రాజ్యంలోని అజంతా గుహల కుడ్యచిత్రాలు. మద్రాసు సైన్యాధికారి రాబర్ట్ గిల్ 1844లో ఆరంభించి కాన్వాసుపై రచించిన తైలవర్ణ ప్రతులు చాలావరకు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1872 నుంచి జాన్ గ్రిఫిత్స్ పర్యవేక్షణలో బొంబాయి జె.జె. కళాశాల విద్యార్థులు తిరిగి చేసిన ప్రతుల్లోనూ అనేకం 1885లో లండన్‌లోనే దగ్ధమయ్యాయి. ప్రతులు పోయినా, వందలాది పాత్రలతో నిండిన గోడల ముందు ఏళ్ల తరబడి కూర్చున్న ఆ విద్యార్థులు పొందిన శిక్షణ చిన్నది కాదు. 1909-11 మధ్య అజంతాలో ప్రతులు చేసిన క్రిస్టియానా హెరింగ్‌హామ్ బృందంలో నందలాల్ బోస్‌తోపాటు హైదరాబాదు చిత్రకారుడు సయ్యద్ అహ్మద్ పనిచేశారు.

తెలుగునాట అజంతా ప్రభావాన్ని రాజమహేంద్రవరానికి తెచ్చినవారు అక్కడి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయన శిష్యుల్లో దామెర్ల రామారావు (1897-1925), అడివి బాపిరాజు ముఖ్యులు. జె.జె. కళాశాలలో చదివిన రామారావు 'సిద్ధార్థ రాగోదయం' వంటి బహుపాత్ర చిత్రాల్లో స్త్రీమూర్తులను లయబద్ధంగా కూర్చిన తీరులో ఆ చదువు ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది.

రాయలసీమలో ప్రతిలేఖనానికి సమీప మూలం లేపాక్షి వీరభద్రాలయం కప్పుపైనున్న 16వ శతాబ్దపు విజయనగర చిత్రాలు. సున్నపు పూతపై వేసిన ఆ రంగులకు తైలవర్ణపు మెరుపు ఉండదు కనుక, వాటిని తైలంలో నకలు చేసేవారు నూనెను బాగా తగ్గించుకోవలసి ఉంటుంది. 2020లో కడపలో ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం ఏర్పడడంతో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల విద్యార్థులకు ఉన్నత శిక్షణ సొంత జిల్లాలోనే మరింత అందుబాటులోకి వచ్చింది. అయితే మూలచిత్రపు ముద్రిత ప్రతిలో రంగు పొరలు, కుంచె నడక తెలియవు కాబట్టి, వీరి అభ్యాసం లేపాక్షి కప్పు కిందనే మొదలుకావడం ఉచితం.