లండను నగరమందలి యొక బాప్టిస్టు సంఘము – దాని మందిరములు

ఇంగ్లండు దేశమున రాజపోషితమైన మతాచారమును విడిచి వేఱుగ నిలిచిన క్రైస్తవశాఖలలో బాప్టిస్టుల శాఖ యొకటి. ఈ పేరు ముంచుట యను నర్థముగల గ్రీకుధాతువునుండి పుట్టినది. శిశువులపై నీరు చిలుకరించుట జ్ఞానస్నానము గాదనియు, వివేకము వచ్చినవాఁడు తన విశ్వాసమును దానే యొప్పుకొని నీట మునుఁగవలె ననియు వీరి సిద్ధాంతము. ధాత్వర్థమును బట్టి చూచినచో వీరి పక్షము బలమైనదే. అయినను ధాత్వర్థమును బట్టుకొని చెఱసాలలకుఁ బోయినవారు లోకమునఁ బెక్కండ్రు లేరు.

అట్టివారిలో బెంజమిను కీచు ఒకఁడు. అతఁడు బాలురకొఱకు వ్రాసిన చిన్న బోధపుస్తకమును దోషముగ నెంచి 1664లో ఐల్సుబరి న్యాయస్థానమువారు శిక్ష విధించిరి. తలయుఁ జేతులును కొయ్యలో బిగించి యతనిని జనుల నడుమ నిలఁబెట్టి, యెదుటనే యా పుస్తకమును గాల్చిరి. 1668లో అతఁడు లండనుఁ జేరి, థేమ్సునదికి దక్షిణమున సదర్కు ప్రాంతమందలి యొక చిన్న సంఘమునకుఁ గాపరి యయ్యెను. అంతవఱకు వారికి మందిరము లేదు. ఇండ్లలో రహస్యముగఁ గూడుచుండిరి. 1672లో రెండవ చార్లెసు రాజు కొంత మతస్వాతంత్ర్యము నొసఁగఁగా హార్స్లీడౌనునందు మందిరము గట్టుకొనిరి. క్రమముగఁ బెంచఁగా నది రమారమి వేయిమందికిఁ జాలెను.

ఆ మందిరమునఁ బుట్టిన కలహము గోడలను గూర్చినది గాదు, పాటను గూర్చినది. సంఘమంతయుఁ గలసి కీర్తనలు పాడుట నాఁటి బాప్టిస్టులలోఁ బెక్కురకు సమ్మతము గాదు. కీచు మొదట ప్రభుభోజనానంతరము పాడించి, పిమ్మట మెల్లమెల్లగ ప్రతి యాదివారమునకు నా యాచారమును దెచ్చి, 1691లో దానిని సమర్థించుచు గ్రంథమును బ్రకటించెను. కొందఱు వెడలిపోయి పాటలేని సంఘమును వేఱుగ స్థాపించుకొనిరి.

1720 ప్రాంతమున జాను గిల్లు కాపరియై 1771లో మరణించువఱకు నుండెను. ఇతఁడు హీబ్రూభాషలో గొప్ప పండితుఁడు. బైబిలునకంతకుఁ బ్రతివాక్యవ్యాఖ్య రచించెను. మన భాష్యకారులవలె నొక్క పదమును విడువని స్వభావము. ఇతని కాలముననే, 1757లో, సంఘము కార్టరులేనునందలి క్రొత్త మందిరమునకు మాఱెను. పిమ్మట వచ్చిన జాను రిప్పను 1773 మొదలు 1836 వఱకుఁ గాపరిగ నుండెను. అతఁడు ప్రకటించిన బాప్టిస్టు వార్షిక సంచికలలో వంగదేశమునకుఁ బోయిన విలియము కేరీ లేఖలు వెలువడెను. ఆ కేరీయే 1814లో శ్రీరామపురమున తెలుఁగువ్యాకరణమును ముద్రింపించినవాఁడు.

లండను వారధిని క్రొత్తగఁ గట్టునపుడు దాని దారికై కార్టరులేను మందిరమును 1830లో గూల్చిరి. 1833లో న్యూపార్కువీథియందు 1200 మందికిఁ జాలు మందిరము నిర్మితమయ్యెను. కట్టడము చక్కనిదే కాని చోటు చెడ్డది. అది నదియొడ్డున పల్లపునేల, చుట్టును గర్మాగారములు. సమీపమందలి సదర్కు వారధిని దాఁటుటకు 1864 వఱకు సుంకము చెల్లింపవలసి యుండెను. దేవాలయమునకుఁ బోవుటకు సుంకమియ్యవలసివచ్చినచో భక్తుఁడైనను జాగు చేయును. ఇరువదియేండ్లు గడచునప్పటికి బల్లలు చాలవఱకు ఖాళీ యయ్యెను.

1853 డిసెంబరులో పందొమ్మిదేండ్ల చార్లెసు స్పర్జను అచ్చటఁ దొలిసారి ప్రసంగించెను. మఱుసటియేఁట కాపరి యయ్యెను. పిదప నా మందిరమునఁ జోటు లేకపోయెను. 1855లో దానిని విశాలము గావించుచుండఁగా ఎక్సెటరుహాలులోఁ గూడిరి. విశాలము చేసినను జాలలేదు. అంతట సర్రే యుద్యానమందలి సంగీతశాలను అద్దెకుఁ గొనిరి. 1856 అక్టోబరు 19వ తేదీ రాత్రి, తొలి కూటముననే, ఎవరో ‘నిప్పు’ అని కేకవేసిరి. నిప్పు లేదు. త్రొక్కిసలాటలో ఏడుగురు చచ్చిరి. స్పర్జను శోకముచే నలిగి కొన్నిదినములు ప్రసంగింపలేక పోయెను. వినోదశాలలలో దైవవాక్యమేల యని పత్రికలు నిందించెను. నింద కఠినమైనదే, కాని సంఘమునకు సొంతమైన యిల్లుండవలె నన్న పట్టుదల యానాఁటినుండియే దృఢమయ్యెను.

1859 ఆగస్టు 16న న్యూయింగుటనునందు సర్ శామ్యూలు మార్టను పీటో పునాదిరాయి నుంచెను. గోపురములతోడి గోతికు శిల్పము వలదని స్పర్జను కోరెను. క్రొత్తనిబంధన గ్రీకుభాషలో వ్రాయఁబడినది గావున మందిరమును గ్రీకురీతినే యుండవలెనని యతని వాదము. భాషనుబట్టి స్తంభములను నిర్ణయించుట వింతయే. వైయాకరణులకు మాత్రము ముచ్చటయైన వింత. వ్యయము 31,000 పౌనులకుఁ బైఁబడెను. 1861 మార్చిలోఁ దలుపులు తెఱచునప్పటి కొక్క పౌనైనను ఋణము లేదు. దీనికి ‘టాబర్నేకిలు’ అని పేరిడిరి. లాటినులో నీ శబ్దమునకు గుడారమని యర్థము; ఇశ్రాయేలీయులు అరణ్యమున మోసికొనిపోయిన యారాధనాస్థలమునకు నిదియే నామము. అయిదువేలమంది కూర్చుండుటకై కట్టిన రాతిభవనమునకుఁ గదలెడి గుడారపు పేరు!

స్పర్జను 1892లో మరణించెను. 1898 ఏప్రిలు 20న మందిరము దగ్ధమయ్యెను. ముఖమంటపమును నేలమాళిగయు మాత్రము మిగిలెను. 1900లో మరలఁ గట్టిరి. 1941 మేలో శత్రువిమానముల బాంబులకు మరల నాశనమయ్యెను. అపుడును ముఖమంటపమే నిలిచెను. 1959లో నిర్మించిన యిప్పటి మందిరము మునుపటికంటెఁ జిన్నది. దాని యెదుట 1861 నాఁటి యాఱు కొరింథీయస్తంభములు నేఁటికిని నిలిచియున్నవి.