నల్లరేగడిలో నిలిచిన తెలుగు

మదురై మాట్టుతావణి బస్టాండులో తిరునెల్వేలి బస్సెక్కితే సాత్తూరు దాటేసరికి రెండు పక్కలా నల్లరేగడి పరుచుకుంటుంది. చెట్టూ తక్కువే, వానా తక్కువే. పత్తి, సజ్జ, జొన్న పండే ఈ బయలును తమిళంలో కరిసల్ సీమ అంటారు. కోవిల్పట్టి దాటాక వచ్చే ఇడైసెవల్ ఇక్కడి చిన్న పల్లె. ఆ పల్లెను తలచుకోవడం తమిళనాట తెలుగువాళ్లమైన మన బాధ్యత.

ఇక్కడి తెలుగు కథ మదురై నాయకులతో ముడిపడింది. విశ్వనాథ నాయకుడు 1529లో మొదలుపెట్టిన వాళ్ల పాలన 1736లో రాణి మీనాక్షితో ముగిసింది. ఆ వంశపు విజయరంగ చొక్కనాథుడి కొలువులో తెలుగు వచనం వెలిగింది. కొలువు పోయాక ఆ భాషను కాపాడింది రైతుల ఇళ్లే. సైన్యాల వెంట కొందరు, సాగునేల కోసం కొందరు, ప్రాణభయంతో కొందరు తెలుగువాళ్లు తరతరాలుగా దక్షిణానికి నడిచారు.

ఆ నడకకు అక్షరరూపం ఇచ్చినవాడు ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్. ఇంట్లో తెలుగు, రాత తమిళం. పాలకుడి కన్నుపడిన ఆడపిల్లను కాపాడుకోవడానికి ఊరొదిలి వచ్చిన తెలుగువాళ్లు అడవి కాల్చి, పొలం చేసి, ఊరు కట్టుకున్న వైనమే ఆయన ‘గోపల్ల గ్రామం’ నవల. దాని తరువాతి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అదే ఊరివాడైన కు. అళగిరిసామికి 1970లోనే ఆ గౌరవం దక్కింది. ఒక్క పల్లెకు రెండు పురస్కారాలు!

2011 జనగణనలో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 5.87 శాతం, అంటే సుమారు 42 లక్షలు. అయితే 2006 చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేసింది. తమిళం మనకు అన్నం పెట్టిన భాష. దాన్ని బాగా నేర్వాల్సిందే. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో ఎందరో తెలుగు అక్షరం ఎరగకుండానే పెరుగుతున్నారు. బడిలో దొరకని అక్షరాన్ని ఇంట్లోనే దిద్దించాలి.

కి.రా. కరిసల్ సీమ తమిళ మాటలను ఏరి నిఘంటువు కూర్చాడు. మన అవ్వల నోటి తెలుగుకూ ఆ సేవ జరగాలి. వంట, సేద్యం, పెళ్లి, చావు, వరసలు: ఒక్కో ఇల్లు ఒక్కో జాబితా రాసినా చాలు. రాసే పని పిల్లలకు అప్పగిద్దాం. మాటలూ మిగులుతాయి, వాళ్లకు అక్షరాలూ వస్తాయి.